టచ్‌ప్యాడ్ బటన్ పనిచేయడం లేదా? వారంటీ ఉండగానే మార్పించుకోండి

ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలితే అదే రోజు సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తుతాం. టచ్‌ప్యాడ్ బటన్ పాడైతే మాత్రం ఒక మౌస్ కొనుక్కుని పని కానిచ్చేస్తాం. 'పరీక్షలయ్యాక చూద్దాం', 'ఈ ప్రాజెక్టు రిలీజ్ అయిపోనీ' అనుకుంటూ ఉండగానే వారంటీ ఏడాది గడిచిపోతుంది. తర్వాత వెళ్తే బటన్ ఒక్కటే మార్చడం కుదరదంటారు. చాలా మోడళ్లలో టచ్‌ప్యాడ్ మొత్తం మార్చాలి, కొన్నింటిలో కీబోర్డుతో సహా పై ప్యానెల్ అంతా మార్చాలి. ఆ బిల్లు చూశాక మౌస్ ఎంత ఖరీదు పడిందో అర్థమవుతుంది.

ఈ వ్యవహారం అంతా రెండు విషయాల మీద నడుస్తుంది. లోపం విండోస్‌ది కాదు, వస్తువుదే అని చూపించగలగాలి. వారంటీ తేదీలోపు కంప్లైంట్ రాతపూర్వకంగా నమోదై ఉండాలి. ఈ రెండూ మీ దగ్గరుంటే మిగతాదంతా ఓపిక సంగతి.

మీ బటన్ ఏ రకం?

ఇది తెలియకపోతే ఫోన్‌లో లోపాన్ని సరిగ్గా చెప్పలేరు. ఇప్పుడు వాడకంలో ఉన్నవి మూడు రకాలు.

పాత ల్యాప్‌టాప్‌లలో, కొన్ని ఆఫీసు మోడళ్లలో బటన్లు విడిగా ఉంటాయి. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో టచ్‌ప్యాడ్‌కి పైభాగాన మూడు బటన్లు కనిపిస్తాయి కదా, అవి ఈ రకమే. టీ440 తరంలో ఆ విడి బటన్లు తీసేస్తే వాడేవాళ్లు గోల పెట్టారు, 2015లో టీ450తో మళ్లీ తెచ్చారు.

ఎక్కువ మంది దగ్గర ఉండేది రెండో రకం, క్లిక్‌ప్యాడ్. పలక అంతా ఒకటే, పై అంచున తలుపు బందు లాంటి అమరిక, కింది అంచు దగ్గర అడుగున ఒక చిన్న స్విచ్. అందుకే కింది భాగంలో నొక్కితే సులువుగా దిగుతుంది, పైకి వెళ్లేకొద్దీ గట్టిగా ఉంటుంది. ఇది లోపం కాదు. ఎడమ క్లిక్‌కీ కుడి క్లిక్‌కీ చాలావరకు అదే స్విచ్. మీ వేలు ఏ మూలన ఉందో చూసి అది ఏ క్లిక్కో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఎడమ పనిచేసి కుడి పనిచేయకపోతే సెట్టింగ్స్‌ని ముందు అనుమానించమనేది ఇందుకే. రెండూ పోతే స్విచ్‌నీ, మదర్‌బోర్డుకి వెళ్లే పలచటి రిబ్బన్ కేబుల్‌నీ అనుమానించాలి.

మూడోది ఆపిల్ 2015 నుంచి మ్యాక్‌బుక్‌లలో పెడుతున్న ఫోర్స్ టచ్ ట్రాక్‌ప్యాడ్. ఇందులో కిందికి దిగే బటనే లేదు. మీరు ఎంత గట్టిగా నొక్కారో సెన్సర్లు కొలుస్తాయి, లోపలి చిన్న మోటారు కదిలి క్లిక్ అయినట్టు వేలికి అనిపిస్తుంది. మ్యాక్ ఆఫ్‌లో ఉన్నప్పుడు నొక్కితే ఏమీ అనిపించదు. బటన్ చచ్చిపోయిందని కంగారు పడొద్దు, దాని తీరే అంత.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ సంగతి

చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ కింద ఉండేది బ్యాటరీయే. అది ఉబ్బితే పలకని పైకి తోస్తుంది, స్విచ్‌కి దిగే చోటు ఉండదు. నిన్నటిదాకా బాగున్న క్లిక్ క్రమంగా బిగుసుకుపోయిందంటే ల్యాప్‌టాప్‌ని బల్లమీద పెట్టి కళ్ల ఎత్తు నుంచి పక్కగా చూడండి. టచ్‌ప్యాడ్ ఒక అంచు లేచి ఉందా? అడుగు మూత ఉబ్బి ల్యాప్‌టాప్ బల్లమీద ఊగుతోందా? మూత మూస్తే సరిగ్గా పడటం లేదా?

వీటిలో ఏది కనిపించినా బటన్ గొడవ పక్కన పెట్టండి. చార్జర్ తీసేయండి, ముఖ్యమైన ఫైళ్లు వెంటనే కాపీ చేసుకోగలిగితే చేసుకుని ఆఫ్ చేసేయండి. టచ్‌ప్యాడ్‌ని అదిమి కిందికి నొక్కే ప్రయత్నం అసలు చేయొద్దు. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంట రావచ్చు. సర్వీస్ వాళ్లతో 'క్లిక్ పనిచేయడం లేదు' అని కాదు, 'బ్యాటరీ ఉబ్బింది' అనే మొదలుపెట్టండి. దాన్ని వాళ్లు భద్రత సమస్యగా చూస్తారు, పని త్వరగా కదులుతుంది. ఒక మెలిక ఉంది: మూడేళ్ల వారంటీ ఉన్న ల్యాప్‌టాప్‌లలో కూడా బ్యాటరీకి విడిగా ఏడాదే ఇవ్వడం మామూలు. మీ వారంటీ పత్రంలో ఆ లైను వెతకండి.

తప్పు విండోస్‌దా, వస్తువుదా?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మొదట వినిపించే మాట 'డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి సార్' (డ్రైవర్ అంటే టచ్‌ప్యాడ్‌ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాం), రెండోది 'ఒకసారి ఫార్మాట్ చేయండి సార్'. ఈ రెండింటికీ జవాబు మీ దగ్గర ముందే ఉండాలి. అందుకని ఈ భాగం మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. పక్కన ఒక యూఎస్‌బీ మౌస్ ఉంచుకోండి. మౌస్‌కి ఇదొక్కటే న్యాయమైన ఉద్యోగం.

సులువైనవి ముందు చూడండి. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్క) ఎప్పుడో పెట్టి మర్చిపోయారేమో చూడండి. విండోస్‌లో మౌస్ ఉన్నప్పుడు టచ్‌ప్యాడ్ ఆగిపోయే సెట్టింగ్ ఒకటి ఉంది, మ్యాక్‌లో యాక్సెసిబిలిటీ కింద అలాంటిదే ఉంది. కీబోర్డు పై వరసలో టచ్‌ప్యాడ్‌ని ఆపే కీ ఉంటే అది పొరపాటున నొక్కుడు పడిందేమో చూడండి. తర్వాత విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్ దగ్గరికి వెళ్లి 'ట్యాప్స్' తెరవండి. కింద కుడి మూల నొక్కితే రైట్ క్లిక్ కావాలనే టిక్ ఉందో లేదో చూడండి. మౌస్ పేజీలో ప్రైమరీ బటన్ 'రైట్' అని మారిపోయిందేమో కూడా చూడండి. ఇంట్లో పిల్లలు వాడే ల్యాప్‌టాప్ అయితే ఇది మామూలే.

ఇప్పుడు ఒక ముఖ్యమైన పని. అదే పేజీలో 'ఒక వేలితో తడితే క్లిక్' అనే టిక్ కాసేపు తీసేయండి. అది ఉన్నంతసేపు మీరు నొక్కినా, ఊరికే తట్టినా క్లిక్ పడుతూనే ఉంటుంది. బటన్ లోపం దాని వెనక దాక్కుంటుంది. సర్వీస్ సెంటర్‌లో ఇంజినీర్ రెండుసార్లు తట్టి 'బాగానే ఉంది కదా సార్' అనడానికి పెద్ద కారణం ఈ టిక్కే.

టిక్ తీశాక పెయింట్ తెరవండి. బ్రష్ తీసుకుని బటన్ నొక్కి పట్టుకుని, ఇంకో వేలితో తెరమీద పొడవుగా ఒక గీత గీయండి. నొక్కి పట్టినా గీత మధ్యలో తెగుతుంటే స్విచ్ పట్టు తప్పుతోందన్నమాట. నొక్కకుండానే గీత పడుతుంటే అది లోపల ఇరుక్కుంది. ఇక ఒక ఫోల్డర్ మీద ఒక్కసారి నొక్కండి. అది తెరుచుకుంటే ఒక నొక్కు రెండు క్లిక్కులుగా పడుతోందన్నమాట. పలక ఎడమ మూల, మధ్య, కుడి మూల, మూడు చోట్లా ఇలాగే చేసి చూడండి. చూస్తూ ఉండగానే ఫోన్‌తో వీడియో తీయండి. వేలూ తెరా రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనిపించాలి, క్లిక్ చప్పుడు వినిపించాలి. ఒక నిమిషం సరిపోతుంది.

చార్జర్ తీసేసి కూడా ఇదే పరీక్ష చేయండి. మన ఇళ్లలో చాలా సాకెట్లకు ఎర్తింగ్ సరిగా ఉండదు. చార్జింగ్‌లో ఉన్నప్పుడే కర్సర్ వణకడం, దానంతటదే క్లిక్కులు పడటం ఉండి, చార్జర్ తీస్తే ఆగిపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

డ్రైవర్ వంతు: డివైస్ మేనేజర్‌లో 'మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైసెస్' కింద గానీ, 'హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్' కింద గానీ టచ్‌ప్యాడ్ ఉంటుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ ఎక్కించుకుంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి కొత్త డ్రైవర్, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) ఉంటే వేసుకోండి. వేరే సైట్లలో దొరికే 'డ్రైవర్ అప్‌డేటర్' ప్రోగ్రాముల జోలికి వెళ్లొద్దు.

ఇవన్నీ చేసినా మారకపోతే అసలు తీర్పు చెప్పే పరీక్ష మిగిలింది. విండోస్ లేని చోట బటన్ నొక్కి చూడటం. హెచ్‌పీ అయితే ఆన్ చేయగానే ఎస్కేప్ నొక్కి, తర్వాత ఎఫ్2 నొక్కితే డయాగ్నస్టిక్స్, అంటే భాగాలను పరీక్షించే కంపెనీ ప్రోగ్రాం, వస్తుంది. డెల్‌లో ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్ ఎంచుకోవాలి. పరీక్ష ఫెయిల్ అయితే హెచ్‌పీ 24 అక్షరాల ఫెయిల్యూర్ ఐడీ చూపిస్తుంది, డెల్ ఎర్రర్ కోడ్, వాలిడేషన్ కోడ్ చూపిస్తుంది. ఆ తెరను ఫొటో తీసుకోండి. దాని ముందు కస్టమర్ కేర్ వాళ్ల స్క్రిప్టు సగం చెల్లదు. మీ బ్రాండ్‌లో అలాంటి పరీక్ష లేకపోతే, బయోస్ తెరలో మౌస్ కర్సర్ వచ్చే మోడల్ అయితే అక్కడే నొక్కి చూడొచ్చు. లేదా ఉబుంటుని (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అని నడపండి. అక్కడ కూడా తట్టకుండా గట్టిగా నొక్కే చూడాలి. ఉబుంటులో కూడా అదే లోపం ఉంటే విండోస్‌ని ఫార్మాట్ చేసి ప్రయోజనం లేదని ఎవరికైనా చెప్పగలరు.

శుభ్రం చేయడం విషయంలో ఒక్క మాట. ఆఫ్ చేసి, తలకిందులుగా పట్టుకుని, టచ్‌ప్యాడ్ అంచుల వెంట చిన్న బ్లోయర్‌తో గాలి కొట్టడం వరకు పర్వాలేదు. మిక్చర్ ముక్కలు, ఇసుక ఉంటే రాలతాయి. పిన్నీసు, సూది, బ్లేడు పెట్టి కెలికితే ఆ గీత ఇంజినీర్ కంట్లో పడుతుంది, 'ఫిజికల్ డ్యామేజ్' అని రాసేస్తారు.

వారంటీ ఎప్పటిదాకా, ఏ రకం?

అడుగున ఉన్న సీరియల్ నంబర్ తీసుకుని కంపెనీ సైట్‌లోని వారంటీ పేజీలో కొట్టండి. డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు ఉంటుంది. హెచ్‌పీలో స్టిక్కర్ చెరిగిపోతే ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే వివరాలు తెరమీదికి వస్తాయి. మ్యాక్‌లో ఆపిల్ గుర్తు కింద 'అబౌట్ దిస్ మ్యాక్'లో ఉంటుంది.

అక్కడ కనిపించే తేదీని మీ బిల్లుతో పోల్చండి. కొన్నిసార్లు ల్యాప్‌టాప్ ఫ్యాక్టరీ నుంచి గానీ డీలర్ దగ్గర నుంచి గానీ బయల్దేరిన రోజు నుంచే లెక్క మొదలై ఉంటుంది. మీరు కొన్నది రెండు మూడు నెలల తర్వాత అయితే ఆ మేరకు నష్టపోతారు. బిల్లు స్కాన్ పంపి తేదీ సవరించమని అడగండి, కంపెనీలు చేస్తాయి. బిల్లులో సీరియల్ నంబర్ ఉంటే ఈ పని సాఫీగా సాగుతుంది. పండగ ఆఫర్‌లో 'బిల్లు లేకుండా కాస్త తగ్గిస్తా' అన్న దుకాణంలో కొన్నవాళ్లకి ఇక్కడే తలనొప్పి మొదలవుతుంది.

ఇక రకం చూడండి. 'ఆన్‌సైట్' అంటే ఫోన్ చేయగానే ఇంటికి వస్తారని కాదు. చాలా కంపెనీలు ముందు ఫోన్‌లో పరీక్షలు చేయించి, లోపం తేలాకే ఇంజినీర్‌ని పంపుతాయి. 'క్యారీ ఇన్' అంటే మీరే సెంటర్‌కి మోసుకెళ్లాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఉన్నవాళ్లకి పెద్ద తేడా ఉండదు. ఉట్నూరులోనో పలాసలోనో ఉంటే మాత్రం మీ పిన్‌కోడ్‌కి ఇంజినీర్ వస్తారా, కొరియర్ పికప్ ఉందా అని మొదటి ఫోన్‌లోనే అడగండి.

అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. మన ఇళ్లలో ఇవి తక్కువేం కాదు. ఆపిల్ మ్యాక్‌లకు ఏ దేశంలో కొన్నా మామూలుగా ఇక్కడ సర్వీస్ దొరుకుతుంది. లెనోవోలో అంతర్జాతీయ వారంటీ వర్తించే మోడళ్లకే ఆ సౌకర్యం ఉంటుంది. డెల్‌కి అయితే సర్వీస్ ట్యాగ్‌ని ఇండియాకి మార్చమని సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. బటన్ పాడయ్యేదాకా ఆగకుండా తెచ్చిన వారమే పెట్టేయడం మంచిది. అక్కడి మోడల్ విడిభాగం ఇక్కడ స్టాకులో లేక ఆలస్యం కావచ్చు, దానికి సిద్ధపడండి.

కొని వారం పది రోజులు కూడా కాలేదా? అయితే సర్వీస్ సెంటర్ కన్నా ముందు అమ్మినవాళ్ల రీప్లేస్‌మెంట్ గడువు చూడండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఉత్పత్తి పేజీలో ఆ గడువు ఉంటుంది. అది దాటితే కొత్త పీస్ అవకాశం పోయి, రిపేరే మిగులుతుంది. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ వ్యాసంతో పనే లేదు, ఐటీ టీమ్‌కి టికెట్ వేసి వాళ్లకి వదిలేయండి.

కంప్లైంట్ నమోదు

కస్టమర్ కేర్ నంబర్‌ని గూగుల్‌లో వెతకొద్దు. పైన కనిపించే నంబర్లలో దొంగవి ఉంటాయి. 'రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలు పంపండి', 'ఈ యాప్ వేసుకోండి' అన్నారంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నంబర్, సర్వీస్ సెంటర్ చిరునామా రెండూ కంపెనీ సొంత సైట్ నుంచే తీసుకోండి. బయట బోర్డు మీద పెద్ద బ్రాండ్ లోగో ఉన్నంత మాత్రాన అది అధీకృత సెంటర్ కాదు.

ఫోన్ కన్నా సైట్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ కంప్లైంట్ పెట్టడం మేలు. ఫోన్ చేసినా, మాట్లాడిందంతా అదే రోజు ఒక ఈమెయిల్‌లో రాసి పంపండి. రాసే తీరు ఇలా ఉంటే చాలు:

'ఫలానా మోడల్, ఫలానా సీరియల్ నంబర్, ఫలానా తేదీన కొన్నాను. ఫలానా తేదీ నుంచి టచ్‌ప్యాడ్ ఎడమ క్లిక్ నొక్కినప్పుడు కొన్నిసార్లు పడటం లేదు, నొక్కి పట్టినప్పుడు మధ్యలో వదిలేస్తోంది. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. విండోస్ బయట డయాగ్నస్టిక్స్‌లో కూడా ఇదే లోపం. ఫెయిల్యూర్ ఐడీ ఇది. కింద పడలేదు, నీళ్లు పడలేదు, ఎవరూ విప్పలేదు. వీడియో, బిల్లు జత చేశాను. వారంటీ కింద సరిచేయగలరు.'

నిజమైనవే రాయండి. టీ ఒలికి ఉంటే ఒలకలేదని రాయొద్దు. చాలా ల్యాప్‌టాప్‌ల లోపల తడి తగిలితే రంగు మారే చిన్న గుర్తులు ఉంటాయి, విప్పగానే తెలిసిపోతుంది. ద్రవాలు, దెబ్బలు మామూలు వారంటీలోకి రావు. మీరు కొన్నప్పుడు యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ కూడా తీసుకుని ఉంటే దాని కింద వస్తుంది.

కేస్ నంబర్ వచ్చిన క్షణం నుంచి గడియారం మీ వైపు తిరుగుతుంది. వారంటీ రేపు ముగుస్తుందన్నా సరే ఈరోజు కంప్లైంట్ నమోదైతే మీ వాదన నిలబడుతుంది. 'మేం వచ్చేసరికి వారంటీ అయిపోయింది' అంటే కంప్లైంట్ తేదీ చూపించండి.

విడిభాగం వచ్చేదాకా

ఇంజినీర్ రావడానికో, విడిభాగం తెప్పించడానికో కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు తట్టడం సెట్టింగ్ మళ్లీ పెట్టేసుకోండి. రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్. కీబోర్డు నుంచి అయితే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా అదే మెనూ వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనోయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) చుట్టుపక్కల చేయి తిరిగిన మెకానిక్‌లు బోలెడుమంది ఉన్నారు, వారంటీ అయిపోయిన ల్యాప్‌టాప్‌కి వాళ్లే దిక్కు. కానీ వారంటీ ఉండగా 'ఊరికే ఒకసారి విప్పి చూస్తా అన్నా' అనే మాటకి లొంగొద్దు. ఒక స్క్రూ తల అరిగినా ఆ నెపం మీ మీదికి వస్తుంది.

అప్పగించే ముందు

టచ్‌ప్యాడ్ మార్చడానికి మీ ఫైళ్లతో వాళ్లకి పని లేదు. అయినా ల్యాప్‌టాప్ బయటికి వెళ్తోందంటే డేటా పోతుందనే అనుకుని బ్యాకప్ తీసుకోండి. సర్వీస్ సెంటర్లు డేటాకి బాధ్యత లేదని జాబ్ షీట్ మీదే అచ్చు వేసుకుంటాయి.

చాలామంది మర్చిపోయేది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. ఈమధ్య విండోస్ ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్ మార్చినా మదర్‌బోర్డు మార్చినా తిరిగి వచ్చాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో ఇప్పుడే చూసి, కాగితం మీద రాసుకోండి.

మీ పాస్‌వర్డ్ ఇవ్వొద్దు. వేరే ఒక లోకల్ అకౌంట్ తయారుచేసి దాని పాస్‌వర్డ్ ఇస్తే వాళ్ల పరీక్షకి చాలు. బ్రౌజర్‌లో బ్యాంకు, మెయిల్ లాగిన్లు తీసేయండి. మ్యాక్ అయితే పోయిన వస్తువుని వెతికే 'ఫైండ్ మై' గురించి సెంటర్ వాళ్లు చెప్పినట్టు చేయండి. డాంగిల్, మెమరీ కార్డు, బ్యాగు, స్లీవ్ ఇంట్లోనే ఉంచండి. నాలుగు వైపులా, అడుగున, తెర ఆన్‌లో ఉండగా ఫొటోలు తీయండి. మూలల దగ్గర దగ్గరగా తీయండి, ఎందుకంటే గీతల గొడవ వచ్చేది అక్కడే.

కౌంటర్ దగ్గర

జాబ్ షీట్ మీద ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టొద్దు. 'టచ్‌ప్యాడ్ ప్రాబ్లం' అని రాసి ఊరుకుంటారు. అది సరిపోదు. 'ఎడమ క్లిక్ అప్పుడప్పుడు పడటం లేదు, నొక్కి పట్టినప్పుడు వదిలేస్తోంది' అని రాయించండి. ఎందుకంటే అప్పుడప్పుడు వచ్చే లోపం వాళ్ల బల్ల మీద రాకపోతే 'నో ఫాల్ట్ ఫౌండ్' అని తిప్పి పంపేస్తారు. వీడియో ఉందని కూడా షీట్‌లో రాయించి, ఆ వీడియోని వాళ్ల మెయిల్‌కి అక్కడే నిలబడి పంపండి. తట్టడం సెట్టింగ్ ఆపేసి ఇవ్వండి. కుదిరితే ఇంజినీర్‌ని పిలిపించి పెయింట్‌లో గీత తెగడం కళ్లారా చూపించండి.

వస్తువు స్థితి అన్న గడిలో కొందరు అలవాటుగా 'స్క్రాచెస్, డెంట్స్' అని రాసేస్తుంటారు. లేకపోతే కొట్టేయించండి. చార్జర్ ఇచ్చారా లేదా, ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఇవీ షీట్ మీద ఉండాలి. వారంటీలో ఉన్నదానికి 'ఇన్‌స్పెక్షన్ చార్జీ' అడిగితే అది వారంటీ పత్రంలో ఎక్కడుందో చూపించమనండి. కోపం అక్కర్లేదు. కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు నియమాలు రాయలేదు, రోజంతా తిట్లు తింటుంటాడు. 'బాబూ, ఇది కాస్త రాసివ్వండి' అని మర్యాదగా, పట్టు విడవకుండా అడిగితే అరిచినవాళ్ల కన్నా ముందు మీ పని అవుతుంది.

తిరిగి తీసుకునేటప్పుడు

రిపేర్ మార్కెట్‌లో ల్యాప్‌టాప్ శరీరాన్ని ఏ, బీ, సీ, డీ ప్యానెళ్లంటారు. టచ్‌ప్యాడ్ ఉండేది సీ ప్యానెల్‌లో, అంటే కీబోర్డు ఉన్న పై ప్యానెల్‌లో. అది మొత్తం మార్చారంటే ల్యాప్‌టాప్‌ని దాదాపు పూర్తిగా విప్పి బిగించారన్నమాట. అందుకని టచ్‌ప్యాడ్ ఒక్కటే చూసి వచ్చేయొద్దు. అక్కడే కూర్చుని పెయింట్ పరీక్ష మళ్లీ చేయండి. తర్వాత ప్రతి కీ, కీబోర్డు లైటు, పవర్ బటన్, స్పీకర్లు, కెమెరా, వైఫై, అన్ని యూఎస్‌బీ పోర్టులు, చార్జింగ్ చూడండి. వేలిముద్ర సెన్సర్ ఉంటే మళ్లీ నమోదు చేసుకోవాల్సి రావచ్చు. పాత కీబోర్డు మీద రూపాయి గుర్తు ఉండి ఉంటే కొత్తదాని మీదా ఉందో లేదో చూడండి, వేరే దేశం ప్యానెల్ వేస్తే అది ఉండకపోవచ్చు. అడుగున స్క్రూలు అన్నీ ఉన్నాయా, మూత ఎక్కడైనా పైకి లేచిందా అనేది వేలితో తడిమితే తెలుస్తుంది.

కొన్నిచోట్ల కాల్ క్లోజ్ చేయడానికి మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఇంటికి వచ్చిన ఇంజినీర్ తొందరలో ఉండి 'ఓటీపీ చెప్పండి మేడమ్, మీరు తర్వాత చూసుకోండి' అంటారు. చూసుకున్నాకే చెప్పండి. ఏ విడిభాగం మార్చారో రాసిన సర్వీస్ రిపోర్టు తప్పక తీసుకోండి. మార్చిన భాగానికి విడిగా హామీ ఉండొచ్చు. ఉదాహరణకి ఆపిల్ 90 రోజులు లేదా మిగిలిన వారంటీ, ఏది ఎక్కువైతే అది ఇస్తుంది. అసలు వారంటీ ముగిశాక అదే లోపం తిరగబెడితే పనికొచ్చేది ఈ కాగితమే.

కాదన్నా, నాన్చినా

ముందు కారణాన్ని రాతలో అడగండి. 'ఫిజికల్ డ్యామేజ్' అంటే ఎక్కడో ఫొటో పంపమనండి. మీరు ఇచ్చేముందు తీసిన ఫొటోలతో పోల్చి జవాబివ్వండి. సెంటర్ వాళ్లు నడిపేది చాలావరకు కాంట్రాక్టు మీద. వాళ్లతో వాదించే బదులు కేస్ నంబర్ పెట్టి కంపెనీకే నేరుగా ఎస్కలేషన్ మెయిల్ రాయండి. ఆన్‌లైన్ వేదికలో కొంటే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కీ రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు, వాళ్ల సైట్‌లోనూ పెట్టొచ్చు. ఇది కోర్టు కాదు, కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. నా అంచనాలో బటన్ లాంటి వ్యవహారాలు ఎక్కువగా ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే ఒక ప్యానెల్ కోసం కేసుదాకా వెళ్లడం కంపెనీకీ దండగే.

ఆఖరిది జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న బెంగళూరుకో గురుగ్రామ్‌కో వెళ్లక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా దాఖలు చేయొచ్చు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. బిల్లు మీద మీ వ్యాపారం పేరు, జీఎస్టీ నంబర్ ఉంటే 'వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కారు' అనే వాదన ఎదురవుతుంది. సొంత జీవనోపాధికి కొన్నదైతే చట్టంలో మినహాయింపు ఉంది, ఆ మాట ఫిర్యాదులోనే రాయండి. అడిగేది కూడా స్పష్టంగా ఉండాలి: లోపం సరిచేయాలి, లేదా వస్తువు మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి, వీటితోపాటు ఖర్చులు. అమ్మినవాళ్లనీ, తయారీ కంపెనీనీ, సర్వీస్ సెంటర్‌నీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే మిగతావాళ్ల మీదికి నెట్టేస్తారు.